మీసమూ చుక్కలూ లేని పులి

నబీ సాబ్ రాసిన పులిని చూసి కుక్కలు ఊరు విడిచి పారిపోయిన సంగతి బెళుగుప్ప చుట్టుపక్కల అందరికీ తెలుసు. తెలుసు అంటే, నబీ సాబే చెప్పగా తెలుసు. కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ దొరకలేదు. ఏదో ఒక ఏడు పీర్ల పండక్కి ఆయన పులివేషం కట్టే ఎవరి ఒంటిమీదనో పులిని రాశాడట. పీర్లను నిలిపే చావిడి ముందుకు ఆ పులి అడుగు పెట్టీ పెట్టకముందే కుక్కలన్నీ తోకలు కాళ్ళ సందున దోపుకుని లగెత్తాయట. ఎదురొచ్చిన కళ్యాణదుర్గం బస్సును కూడా దాటేసి పోతుంటే డ్రైవరు తల బయట పెట్టి, “ఏమప్పా, మీ ఊర్లో పోలీసోళ్ళు దిగినారా?” అని అడిగాడట. ఎవరడిగినా కథ ఇంతే. అడగకపోయినా ఇంతే. కుక్కలు పోయిన దూరం మాత్రం ఏటేటా పెరుగుతూ వచ్చింది. మొదట్లో ఊరి బయట గాలిమర దగ్గరే ఆగిన కుక్కలు ఇప్పుడు ఉరవకొండ సంతలో తేలుతున్నాయి.

నిజానికి పోయినేడు కలీముల్లా కోడికూర అంగడి ముందర తిరిగే కుక్కొకటి నబీ సాబ్ రాసిన పులిని పిక్క పట్టుకుని కొరికింది. ఆ పులి ఆయన మనవడు షారుక్కే. ఆ ముచ్చట మాత్రం నబీ సాబ్ ఎక్కడా ఎత్తడు.

బోర్డులు రాసే కాలం పోయింది. అన్నిటికీ ఫ్లెక్సీలొచ్చాయి. ఏడాదంతా అటక మీద పడుండే కుంచెలు పీర్లు చావిడి ఎక్కే ముందు కిందికి దిగుతాయి. ఆ పొద్దు కూడా ఆయన వసారాలో కూర్చుని, పాత అద్దం పలక మీద దీపం మసి పోసి, వార్నీషు చుక్కలు విదిలిస్తూ, చదునైన రాయితో నూరుతున్నాడు. రాయి కింద గరగరమన్నంత సేపూ నూరాలి. ఆ చప్పుడు మాని నాలుక మీద వెన్న మాదిరి జారితే అప్పుడది పులిచారకు పనికొచ్చే నలుపు.

“తాతా, ఈసారి నాకు రాయి,” అన్నది ఇఫ్రా.

ఆయన మనవరాలు. వసారా ఇంకో కొనన కుట్టుమిషను ముందర కూర్చుని, ఎవరిదో జాకెట్టు చేతికి అంచు వేస్తోంది.

“రాస్తా లేమ్మే. గోరింటాకు పెట్టుకునే జాగాలో ఒక చిన్న పులి. సరేనా?”

“అరచేతిలో కాదు. ఒళ్ళంతా. చావిడి కాడ ఆడేదానికి.”

నబీ సాబ్ చెయ్యి ఆగలేదు. “నీకు పులేసం ఎందుకే? మామూలుగా కోపమొస్తేనే మీ అవ్వ మంచం కింద దూరుతాది.”

“అవ్వ మొక్కుకునింది నా పేరు మీదనే గదా?”

లోపల రాగిపిండి జల్లిస్తున్న మేరాజ్ బీ జల్లెడ పట్టుకునే గడప దాకా వచ్చింది. “నీ పేరు మీదనే. పాలు తాగే బిడ్డవు. జరమొచ్చి కండ్లు తేలేస్తివి. బిడ్డ బతికితే పులిని ఆడిస్తానని పీర్ల ముందర కొంగు పరిచినా. మీయన్న ఒంటి మీద తీర్చినా. ఇప్పుడేమైంది?”

“జరమొచ్చింది నాకు. బతికింది నేను. పులి మాత్రం అన్నకు పోయింది.”

“ఆడపిల్ల మొక్కు ఇంట్లో మగపిల్లోని ఒంటి మీద తీర్చేది ఊరంతా ఉండేదే గదమ్మే. నేనొక్కదాన్నే చేసినానా?”

ఇఫ్రా దారాన్ని పళ్ళతో తెంపింది. గొంతు పెంచలేదు. “అవ్వా, నేను ఆడపిల్లకూ కావాలని అడగడం లేదు. మగోని మాదిరి ఆడాలనీ కాదు. నేను పులిని. నాకు ఊహ తెలిసినప్పటి నించీ అంతే. ఈ మాట ఉత్త రోజుల్లో చెప్తే నన్ను ఆస్పత్రికి తోల్కపోతారు. చెప్పేదానికి మనూర్లో ఉండేది ఒక్క పండగ. అందుకే అడుగుతాండా.”

మేరాజ్ బీ మొగుడి వైపు చూసింది. మొగుడు అద్దం పలక వైపు చూశాడు.

“పులివా!” అన్నాడు నబీ సాబ్. “మరి నిన్న వంకాయ కూర ఎట్లా వండితివే? అడవిలో తక్కిన పులులకు తెలిస్తే నిన్ను కులంలో నుంచి వెలేస్తాయి.”

ఇఫ్రా నవ్వింది. నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. తల కొంచెం వంచి, కనురెప్ప వాల్చకుండా ఆయన్నే చూసింది. ఆ చూపు నబీ సాబ్ ఎరుగును. బుడ్డపిల్లగా ఉన్నప్పుడు మంచం కింద దూరి మేకల్ని ఇట్లాగే చూసేది. మేకలు గడ్డి మానేసి గోడకు ఆనుకుని నిలబడేవి.

“నా మాదిరోళ్ళు ఇంకా ఉండారు తాతా. ఫోన్లో మాట్లాడుకుంటాము. రేపు పొద్దున ఒకరు వస్తాండారు, ఉరవకొండ నించి. నాతో కాకపోతే వాళ్ళతో మాట్లాడు.”

మర్నాడు షారుక్ నడిపే సర్వీసు ఆటోలోంచి దిగిన మనిషిని చూసి నబీ సాబ్‌కు కొంచెం నిరాశే అయింది. కొమ్ములో కోరలో ఉంటాయనుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి. పేరు హేమ. సెల్ ఫోన్లు బాగుచేసే అంగట్లో పని.

మేరాజ్ బీ బొరుగుల ఉగ్గాని తట్టలో పోసి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టింది. నబీ సాబ్ మంచం మీద బాసింపట్టు వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను అడిగినట్టు అడిగాడు. “మా పాపంటే పులి అంటాండాది. నువ్వేమమ్మా?”

“జింకను తాతా.”

మేరాజ్ బీ చేతిలో గరిటె ఆగింది. “అయితే పోయినేడు మా చెనిక్కాయ చేను మేసిపోయింది మీవాళ్ళేనా?”

“మావాళ్ళే అవ్వా. నేను మాత్రం బజ్జీలే తింటా.”

మేరాజ్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ ఇంకో రెండు బజ్జీలు వేసింది. పులీ జింకా ఒకే తట్టలో చేతులు పెట్టి తినడం చూసి, తన ఆయుష్షులో ఇంత పెద్ద అబద్ధం తాను కూడా ఎప్పుడూ చెప్పలేదనుకున్నాడు నబీ సాబ్.

“మీ గుంపులో ఆడోళ్ళెక్కువనా, మగోళ్ళెక్కువనా?” అని అడిగాడు.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అది ఎవురమూ ఎవుర్నీ అడుక్కోము తాతా,” అన్నది హేమ. “గుంతకల్లులో ఒకాయనుండాడు, రైల్లో పని. ఆయన తోడేలు. పెండ్లాము, పిల్లలు, ఇంత లావు మీసాలు. నేను మగోన్నే, కాకపోతే తోడేలును అంటాడు. కొందరు ఆడోళ్ళమే అంటారు. కొందరు ఆ లెక్కలోకే రామంటారు. నన్ను ఊర్లో అందరూ ‘ఆడపిల్ల మాదిరి నడువు’ అని అరిచేవాళ్ళు. జింకనని తెలిసినాక నా నడక నాకు సరిపోయింది. ఇప్పుడు ఆడదాన్నంటే కూడా పలుకుతా. బాధ లేదు.”

“నీకు?” అని మనవరాలి వైపు తిరిగాడు.

ఇఫ్రా తట్టలో మిగిలిన బొరుగులను వేలితో ఒకవైపుకు జరుపుతూ ఆలోచించింది. “ఆడపిల్ల అంటే ఇరుకు జాకెట్టు తొడిగినట్టుంటాది తాతా. చెయ్యి పైకి లేవదు. పోనీ మగోడనుకుందామంటే అదింకొకరి చొక్కా. అదీ పట్టదు.”

“యాడ పట్టుకుంటాది? చంకల కాడనా?” నబీ సాబ్ నిజంగానే అడిగాడు.

“అంతటా. కుట్లు ఇప్పి వదులు చేస్తామన్నా లోపల గుడ్డ మిగిలి లేదు. పులి అంటే మాత్రం కొలతలు తీసి కుట్టిచ్చినట్టుంటాది.”

నబీ సాబ్ దానికి ఎగతాళి మాట ఒకటి వెతికాడు. మంచం కోడుకు తగిలించిన అంగీ తీసి భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు.

పులుల గుంపుకు పెద్ద కలీముల్లా. వాళ్ళ నాయన తరువాత ఆ పెద్దరికం ఆయనకొచ్చింది. అంగడి గోడకు పోయినేటి పండగ ఫ్లెక్సీ వేలాడుతోంది. మధ్యలో కలీముల్లాయే, పసుప్పచ్చ ఒళ్ళు, నల్ల చారలు, చెవుల దాకా మెలి తిరిగిన మీసం. అంగడి ముందర బెంచీ మీద తప్పెట కొట్టే గోవిందప్ప కూర్చున్నాడు. కోడి కోసం వచ్చినవాళ్ళు నలుగురైదుగురు నిలబడ్డారు.

సంగతి విని కలీముల్లా కత్తి మొద్దు మీద పెట్టాడు. “నబీ మామా, ఎండ బాగా తగిలినట్టుండాది. మజ్జిగ తాగుతావా?”

“మజ్జిగ తరువాత. పాపను ఆడనిస్తావా, లేదా?”

“ఆడపిల్ల ఒంటికి రంగు పూసుకుని నలుగురి ముందర నిలబడితే ఊరోళ్ళు ఊరుకుంటారా?”

“రంగు ఒంటికి కాదప్పా, గుడ్డకు. మెడ నించి మడమ దాకా గుడ్డ. గుడ్డ మీద రాసేది నాకు కొత్తనా? నీ పెండ్లి బ్యానరు రాసింది ఎవురు?”

“సరే, గుడ్డ. మరి మీసం? యాడ పెడతావు మామా మీసం? మీసం లేకుండా నువ్వెప్పుడన్నా పులిని రాసినావా? మీసముండేది మగపులికి. మాది మగపులుల గుంపు. మా నాయన కాలం నించీ ఇంతే. నేను మార్చేది కాదు.”

పులిమొహం మొదలుపెడితే నబీ సాబ్ కుంచె అన్నిటికన్నా ముందు పోయేది పైపెదవి మీదికే. తల దించుకున్నాడు. బెంచీ కింద కలీముల్లా కుక్క, షారుక్ పిక్క పట్టుకున్నది అదే, ఒక పక్కకు వాలి పడుకుని ఉంది. ఈ మధ్యే ఈనింది. పిల్లలు బారుగా పొట్టకు అతుక్కుని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి జారి పడితే దాని జాగాలో పాలచన్ను తెల్లగా మెరిసింది. దాని కింద ఇంకొకటి. పక్క వరసలో ఇంకొకటి.

నబీ సాబ్ కుడిచేతి చూపుడువేలు దానంతట అదే గాల్లో కదిలింది. ఇక్కడొకటి, పక్కనొకటి. కొంచెం కింద, ఇక్కడొకటి, పక్కనొకటి.

“కలీమూ,” అన్నాడు మెల్లగా. “ఆ ఫ్లెక్సీలో నీ పొట్ట మీద ఏముండాది?”

“చుక్కలు. నువ్వు పెట్టినవే గదా. కోటు బొత్తాలు అంటివి.”

“నేను అనుకున్న మాట అది. మా గురువు ఈరన్న పెట్టమన్నాడు, పెట్టినా. జతజతగా, పై నించి కిందికి. ఎందుకు అన్నా అని అడిగితే కుంచెతో నెత్తిన కొట్టినాడు. ఆయనకూ తెలీదేమో పాపం. ఇప్పుడు ఒకసారి నీ కుక్కను చూడు.”

కలీముల్లా కుక్కను చూశాడు. ఫ్లెక్సీని చూశాడు. మళ్ళీ కుక్కను చూశాడు. కోడికోసం వచ్చినవాళ్ళు కూడా వరసగా అట్లే తలలు తిప్పారు. ముందుగా తేరుకున్నది గోవిందప్ప.

“ఓరి నాయనో! కలీమూ! ఇన్నేండ్లూ నువ్వు పిల్లల తల్లివా అప్పా?”

అంగడంతా గొల్లుమంది. కలీముల్లా తనకు తెలియకుండానే రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకున్నాడు. “మరి మీసం?” అన్నాడు, సగం గొంతుతో.

“మీసం పెట్టినోడు ఏ మంగలంగట్లోనో కూర్చోని పెట్టుంటాడు. చుక్కలు పెట్టినోడు మాత్రం అడివికి పోయి పులిని చూసొచ్చినాడు. మీ గుంపు ఆడపులుల గుంపప్పా. ఇన్నాళ్ళూ తెలీక మగోళ్ళను నేనే చేర్చుకున్నా.”

నవ్వు తగ్గేదాకా కలీముల్లా కత్తిని గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. నలుగురికీ చెప్పుకోవడానికి ఒక మాట దొరికితే చాలు. “సరే మామా. ఆడపులే అయితే ఆడబిడ్డ కట్టుకోనీ. ఒక్కటే మాట. ఆ చుక్కలు ఉండాల. దూరం నించి కనపడేటట్టు పెట్టల్ల. ఎవురన్నా అడిగితే నేను చూపించేది వాటినే.”

నబీ సాబ్ ఇంటికి వచ్చి చెప్పిన కథలో ఆ నలుగురైదుగురు యాభైమంది అయ్యారు. పోతూ పోతూ ఆగిన బస్సు ఒకటి చేరింది. గోవిందప్ప నవ్వి నవ్వి తప్పెట మీద పడి దాన్ని పగలగొట్టుకున్నాడు కూడా. మేరాజ్ బీ, హేమ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇఫ్రా కూడా నవ్వింది. చుక్కల ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి ఆమె మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

“చుక్కలు వద్దు తాతా.”

“ఏమి?”

“మీసమూ వద్దు, చుక్కలూ వద్దు.”

“పిచ్చిదానా, ఆ చుక్కలతోనే గదే వాని నోరు మూయించింది!”

“ఆడపిల్లవి, నీకు పులి లేదన్నాడు. ఇప్పుడేమో ఆడపిల్లవి కాబట్టే తీసుకో అంటాండాడు. నేనడిగింది అది కాదు గదా తాతా.”

నబీ సాబ్ మొహం నల్లబడింది. ఇంత మంచి ముచ్చట ఆయన జన్మలో ఎన్నడూ నిజంగా జరగలేదు. జరిగిన ఒక్కటీ ఇంట్లోనే చెల్లలేదు. మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలుతుండగా మేరాజ్ బీ సంగటి ముద్ద, నంజుకోను చెనిక్కాయ ఊరుబిండి పెట్టుకొచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. “ఆ పాప నిన్ను ఏం రాయమనింది?”

“పులిని,” అన్నాడు గోడతో.

“నువ్వేం తెచ్చినావు?”

నబీ సాబ్ దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

“ఉప్పు తెమ్మంటే బెల్లం తెస్తావు. ఇదెందుకయ్యా అంటే, ఏం, బెల్లం మంచిది కాదా అని నా మీదికి వస్తావు. ఎప్పుడూ నీకిదే కత. ల్యాయి. సల్లారిపోతాంది.”

ఆయన లేచాడు. ముద్ద సగం తిన్నాక అడిగాడు. “గుడ్డ యాడ తెస్తాది?”

“పొద్దున్నే తెచ్చి కత్తిరించుకుంటాండాది.”

మరుసటి పొద్దున చింతగింజలు దంచిన పిండిని నీళ్ళలో ఉడకబెట్టి, జిగురు తీసి, వడగట్టాడు నబీ సాబ్. గుడ్డ బ్యానర్లు రాసే కాలంలో చేసిన పని. ఆ జిగురు గుడ్డకు పట్టిస్తే రంగు నూలులోకి ఇంకిపోకుండా పైన నిలుస్తుంది. అయితే బ్యానరు గోడకు వేలాడుతుంది, అది వంగదు, దూకదు. మోకాలి దగ్గర రంగు పెళ్ళలు పెళ్ళలుగా పగిలిపోతుందని ఆయన అన్నాడు. ఇఫ్రా ఏమీ మాట్లాడకుండా తాను కత్తిరించిన ముక్కలు చూపించింది. మోకాళ్ళకు, మోచేతులకు, నడుముకు గుడ్డను ఏటవాలుగా కత్తిరించింది. రెండు చేతులా పట్టుకుని లాగితే సాగింది. వదిలితే వెనక్కి వచ్చింది. నబీ సాబ్ దాన్ని పదే పదే లాగి చూశాడు. జిగురు పలచన చేశాడు. ఆ చోట్ల నలుపులో వార్నీషు తగ్గించాడు. తాత, మనవరాలు ఇద్దరూ ఆ రోజంతా అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. “పట్టుకో.” “తిప్పు.” “ఇంకొంచెం పైకి.” పండగ దాకా ఉండిపోయిన హేమ సాంబ్రాణి పొగ పట్టి రంగు ఆరబెట్టింది. సాయంత్రానికి దండెం మీద ఆ గుడ్డ ఆరుతూ గాలికి ఊగితే, పక్కింటి కోళ్ళు అటువైపు రాలేదని మేరాజ్ బీ చెప్పింది. మొగుడి దగ్గర నేర్చుకున్న విద్య.

పండగ పొద్దున షారుక్ వచ్చి గడపలో నిలబడ్డాడు. చేతిలో తన వెదురు తోక, చెవుల టోపీ.

“ఇవి కూడా దానికే ఇయ్యి తాతా.”

“నువ్వు ఆడవా?” అన్నది ఇఫ్రా.

“నీదే గదమ్మే, ఇన్నేండ్లూ నేను మోసినా. నాకేం పులి? రంగు ఆరేదాకా చేతులు చాపుకుని నిలబడితే ఒళ్ళంతా మంట. ఆపైన రంగు కడిగే కిరసనాయిలు కంపు. కుక్క కరిచినాక మొత్తానికే నమ్మకం పోయింది. గోవిందప్ప పక్కన తప్పెట కొడతా. ఆ పని నాకు బాగుంటాది.” టోపీని చెల్లెలి తల మీద పెట్టి, చెవులు సరిచేసి, తేలికపడ్డ మనిషి మాదిరి ఈల వేసుకుంటూ పోయాడు.

ఇక మిగిలింది మొహం. ఇఫ్రా గుడ్డ తొడుక్కుని పీట మీద కూర్చుంది. నబీ సాబ్ పసుపు వేశాడు, తెలుపు వేశాడు. నలుపులో కుంచె ముంచాడు. కుంచె పైపెదవి మీదికి పోయి, అక్కడ గాల్లో ఆగిపోయింది.

మీసం లేదు. మరి ఏముంటుంది అక్కడ?

ఆయనకు తెలియదు. బతుకంతా పులిని రాశాడు గానీ పులినోరు ఎట్లా ఉంటుందో ఏనాడూ చూడలేదు. చూడాల్సిన చోటల్లా మీసం దిద్దేసేవాడు. కుంచె కొనన నలుపు బొట్టుకట్టి, ఆయన పంచె మీద పడింది.

“ఫోన్లో బొమ్మ చూపించనా తాతా?” అన్నది హేమ.

“ఉండమ్మా.” కుంచె దించాడు. మనవరాలి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. “ఏమ్మే. నువ్వే చూపీ.”

ఇఫ్రా నవ్వలేదు. కళ్ళు మూసి తెరిచింది. దవడ వదులైంది. ముక్కుపుటాలు ఒక్కసారి విచ్చుకుని నిలిచాయి. పెదవి ఎక్కడా బిగువు లేకుండా, తొందరేమీ లేని బరువుతో కిందికి వాలింది. ఏ వేషగాడి మొహంలోనూ ఆయన ఇది చూడలేదు. వాళ్ళంతా కోరలు చూపించేవాళ్ళు. ఇక్కడ చూపించేది ఏమీ లేదు. నబీ సాబ్ ఊపిరి బిగబట్టి, ముక్కు కొన నుంచి పెదవి దాకా సన్నగా ఒక గీత దించాడు. అక్కడి నుంచి రెండు వైపులకూ ఒంపు తిప్పాడు. బుగ్గల దగ్గర తెలుపు మెత్తగా పరిచాడు. లేచి వెనక్కి జరిగి చూసి, ఎప్పటిమాదిరి “ఎట్లుండాది?” అని అడగలేదు. కుంచె కడుక్కున్నాడు.

సాయంత్రం చావిడి ముందు కాలు పెట్టే సందు లేదు. అలాయి గుండంలో మొద్దులు కణకణమంటున్నాయి. బొరుగులూ చక్కెరా పీర్ల ముందర చదివించుకున్నవాళ్ళు పిల్లల నోళ్ళలో పోస్తున్నారు. గోవిందప్ప, షారుక్ తప్పెట్లు మోగిస్తున్నారు. పులులు దూకుతున్నాయి. ఒక పులి ఎగిరినప్పుడల్లా, చావిడికి ఎదురుగానే ఉన్న కలీముల్లా అంగడి కుక్కలు అంతకన్నా ఎత్తుకు ఎగిరి మొరుగుతున్నాయి. ఈనిన కుక్క అన్నిటికన్నా ముందుంది. బెంచీ కింద పిల్లల్ని పెట్టుకుని, వీపు మీది వెంట్రుకలు లేపి, ఇటు వచ్చిన ప్రతి పులినీ తరిమికొడుతోంది. కలీముల్లా కూడా మీసంతో, చుక్కలతో ఉన్నాడు. ఆయన పొట్ట వైపు చూసి నవ్వేవాళ్ళకు ఒక చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో ఆడుతున్నాడు.

ఇఫ్రా సందు మలుపు తిరిగి వచ్చింది. కలీముల్లా ఎదురుపోయి, ఆ పులిని పై నుంచి కిందికి చూశాడు. చెయ్యెత్తాడు. తప్పెట్లు ఆగాయి.

“మామా, చుక్కలేవీ?”

“పెట్టలేదు.”

“మాట అనుకుంటిమి గదా. నలుగురికీ నేనేం చెప్పల్ల? ఆడపులనే గదా ఒప్పుకునింది?”

పక్కూరి నుంచి వచ్చిన ముసలామె ఒకామె ముందుకు తొంగి చూసింది. “ఏమప్పా, ఇది ఆడపులా, మగపులా?”

జనమంతా నబీ సాబ్ వైపు తిరిగారు. దేనికైనా ఒక కథ ఉన్న మనిషి. ఆయన నోరు తెరిచాడు. ఒక్క కథా రాలేదు.

“పులమ్మా,” అన్నాడు. అంతే అన్నాడు.

కలీముల్లా తల అడ్డంగా ఊపాడు. ఆయన వెనక నుంచి ఈనిన కుక్క మొరుగుతూ దూసుకొచ్చింది.

ఇఫ్రా గర్జించలేదు. దూకలేదు. అరచేతులు నేలకు ఆనించి, భుజాలు కిందికి దించి, అడుగు తరువాత అడుగు వేసింది. మోకాలి దగ్గర గుడ్డ సాగింది, పగల్లేదు. కుక్కకు ఎదురుగా ఆగి, తల కొంచెం వంచి, దాన్ని చూసింది.

మొరుగుడు మధ్యలో తెగిపోయింది. కుక్క చెవులు వెనక్కి పడ్డాయి. పొట్ట నేలకు తాకేదాకా వంగి, చూపు మరల్చకుండా, వెనక్కి వెనక్కి జరిగి బెంచీ కిందికి పోయి, పిల్లల మీద తల వాల్చి పడుకుంది. మిగతా కుక్కలు అంగడి పక్కకు తప్పుకున్నాయి. గుండంలో మొద్దొకటి చిటపటమంది. ఇఫ్రా ఆకలి లేని మృగం మాదిరి అటు నుంచి మొహం తిప్పుకుని, జనం మీదుగా ఎక్కడో దూరంగా చూసింది.

ఆ కుక్కకు రోజూ తిండి వేసేది కలీముల్లాయే. పోలీసులు వచ్చినా, పందులు వచ్చినా, దాని గొంతు ఆగడం ఆయన ఎప్పుడూ చూడలేదు. పొట్ట మీది చెయ్యి జారిపోయింది.

“గోవిందప్పా,” అన్నాడు పక్కకు జరిగి, దారి ఇస్తూ. “ఎందుకు ఆపినావప్పా? కొట్టు.”

రెండు రోజుల తరువాత నబీ సాబ్ కోడి కోసం అంగడికి పోయాడు. హేమ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది, గుంతకల్లు తోడేలును తీసుకుని వచ్చేటేడు వస్తానని మేరాజ్ బీతో ఒట్టేసి. ఇంట్లో ఇఫ్రా మళ్ళీ మిషను తొక్కుతోంది. చెవి వెనక రవ్వంత పసుపు ఇంకా పోలేదు. ఆమె కూడా పోగొట్టుకోవాలని చూడలేదు. ఎవరికో ఇరుకైన జాకెట్టు కుట్లు విప్పుతూ, తాతకు మొదటిసారి వినబడేటట్టు, గొంతులో ఏదో గురగురమనుకుంటోంది.

అంగట్లో కళ్యాణదుర్గం నుంచి వచ్చిన కోళ్ళ వ్యాపారులు ఇద్దరు కూర్చున్నారు. కలీముల్లా కత్తి పైకెత్తి మరీ చెబుతున్నాడు.

“... అడుగు పెట్టింది చూడప్పా, అంతే! నా కుక్కలన్నీ ఒకటే పరుగు. బస్సెదురొస్తే బస్సును దాటి పోయినాయి!”

“కలీమూ, కలీమూ,” అన్నాడు నబీ సాబ్ నొచ్చుకుని. “ఒక్క కుక్క పండుకునింది. మిగతావి రోంత పక్కకు జరిగినాయి. జరిగింది అంతే గదప్పా.”

వ్యాపారులు ఆయన్ని, కలీముల్లాను మార్చి మార్చి చూశారు.

“ఈ మామ మాట నమ్మొద్దండి,” అన్నాడు కలీముల్లా. “ఈయనకు మొదటి నించీ తగ్గించి చెప్పే అలవాటు. నేను కండ్లారా చూసినా. ఉరవకొండ సంత దాటి పోయినాయి. ఇంతవరకూ ఒక్కటీ తిరిగి రాలేదు.”

బెంచీ కింద ఈనిన కుక్క ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసి, పిల్లలకు పాలందేటట్టు కొంచెం పక్కకు ఒత్తిగిలి, మళ్ళీ కన్ను మూసుకుంది.